మూడు మిల్లీమీటర్ల జల్లెడ, నాలుగు నెలల కష్టం

దసరా సెలవులకి మా అక్క ఎల్బీ నగర్ వచ్చింది. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. వేరే ఊళ్లో ఒక ల్యాబ్‌లో ప్రొటీన్ల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మా ఇంట్లో అందరూ ఆమెని ‘సైంటిస్టు’ అంటారు. ఆమె పొద్దున్నించి రాత్రి దాకా అక్కడ ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు.

ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో షాపింగ్ అయ్యాక, చైతన్యపురి దగ్గర ఒక దోశ బండి ముందు నిలబడ్డాం. వచ్చిన దగ్గర్నించీ అక్క మూడీగా ఉంది. అడిగితే చెప్పింది.

“నాలుగు నెలలు కష్టపడి ఒక ప్రొటీన్ తయారు చేసిన రా. మూడు సెకన్లల్ల నీళ్ల పాలైంది.”

“అంటే కింద పడిపోయిందా?”

“కింద పడితే బాధే లేకుండె. నిజంగనే నీళ్ల పాలైంది. నీళ్లల్లనే ఉండి, నీళ్ల వల్లనే పాడైంది.”

సరిగ్గా అప్పుడే దోశ మాస్టర్ పెనం మీద నీళ్లు చిలకరించాడు. చుక్కలు ఆవిరైపోకుండా పెనం మీద ముత్యాల్లా అటూ ఇటూ దొర్లాయి. అక్క వాటి వంక చూపించి, “గదిగో, మా పనిల సగం తలనొప్పి గదే” అంది.

ఆ రాత్రి మేడ మీద కూర్చుని రెండు గంటలు చెప్పింది. నేను మెకానికల్ థర్డ్ ఇయర్. అందరిలాగే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సుకి కూడా వెళ్తున్నా. హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్ ముందురోజు రాత్రి బట్టీ పట్టి పాసయ్యా. ఆ పేపర్లో నేను రాసిన ఫిగర్ ఒకటి అక్క కథలో ఎదురవుతుందని అస్సలు అనుకోలేదు. అక్క చెప్పినదానికి నేను తర్వాత చదువుకున్నది కలిపి ఈ వ్యాసం రాస్తున్నా. బయాలజీ రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ట్రై చేస్తా, ఎందుకంటే నాకూ రాదు.

అసలు గడ్డ కట్టించడం ఎందుకు?

మన ఒంట్లో పనులన్నీ చేసేది ప్రొటీన్లు. అన్నం అరగాలన్నా, రక్తం ఆక్సిజన్ మోయాలన్నా, వైరస్ కణంలోకి దూరాలన్నా ఏదో ఒక ప్రొటీన్ ఉండాల్సిందే. ఒక మెషిన్ ఎలా పని చేస్తుందో తెలియాలంటే దాని ఆకారం చూడాలి కదా, ప్రొటీన్ సంగతీ అంతే. ఆకారం తెలిస్తే దాన్ని ఆపే మందు ఎక్కడ అతుక్కోవాలో తెలుస్తుంది.

చిక్కేంటంటే, ఒక మాదిరి పెద్ద ప్రొటీన్ కూడా సుమారు 10 నానోమీటర్లు ఉంటుంది. మన కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. దాంతో ప్రొటీన్‌ని చూడటమంటే, చీపురు పుల్లతో చీమ కాళ్లు లెక్కపెట్టడమే. అందుకే వెలుగుకి బదులు ఎలక్ట్రాన్లు వాడతారు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, లోపల వ్యాక్యూమ్. తడి వస్తువు పెడితే నీళ్లు క్షణంలో ఆవిరైపోతాయి. ప్రొటీన్ నీళ్లలో బతికే వస్తువు, ఆరబెడితే ముడుచుకుపోతుంది. రెండు, ఎలక్ట్రాన్ల దెబ్బకి అది కాలిపోతుంది. బాగా చల్లగా, గడ్డ కట్టించి పెడితే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. నీళ్లు ఆవిరవ్వవు, ఎలక్ట్రాన్ల వల్ల జరిగే నష్టమూ తగ్గుతుంది. దీన్నే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అంటారు. పొట్టిగా క్రయో-ఈఎం.

అయితే ఫ్రిజ్‌లో గడ్డ కట్టినట్టు కడితే పని జరగదు. ఎప్పుడైనా టమాటాని డీప్ ఫ్రీజర్లో పెట్టి బయటికి తీశారా? కరిగాక మెత్తగా, పిసికేసినట్టు అయిపోతుంది. నీళ్లు నెమ్మదిగా గడ్డ కడితే అణువులు వరసలు కట్టి స్ఫటికాలవుతాయి. ఆ స్ఫటికాలు కణాల గోడల్ని చీల్చేస్తాయి. ప్రొటీన్లని కూడా పక్కకి నెట్టేస్తాయి, నలిపేస్తాయి. పైగా స్ఫటికం ఎలక్ట్రాన్లని గట్టిగా చెదరగొడుతుంది, దాని వెనకున్న ప్రొటీన్ మనకి కనిపించదు.

కాబట్టి కావాల్సింది స్ఫటికం కాని మంచు. అణువులకి వరస కట్టే టైమే ఇవ్వకుండా, ఎక్కడున్నవాటిని అక్కడే ఆపేయాలి. గాజు కూడా అలాంటిదే, గట్టిగా ఉంటుంది కానీ లోపల వరసలు ఉండవు. గడ్డ కట్టించిన నమూనాని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడొచ్చని 1970లలోనే కెన్ టేలర్, రాబర్ట్ గ్లేజర్ చూపించారు. పల్చటి నీటి పొరని గాజు మంచుగా మార్చే పద్ధతిని జాక్ దుబోషే, అలాస్డేర్ మెక్‌డొవాల్ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పనిచేస్తూ 1981లో ప్రచురించారు. 1984లో అదే బృందం గాజు మంచులో ఉన్న వైరస్‌ల ఫొటోలు చూపించింది. 2017లో రసాయనశాస్త్రం నోబెల్ దుబోషేకి, యోఆకిమ్ ఫ్రాంక్‌కి, రిచర్డ్ హెండర్సన్‌కి కలిపి వచ్చింది.

నోబెల్ వచ్చేసింది, పద్ధతి తెలిసిపోయింది. మరి ఇంకా మా అక్క ఎందుకు ఏడుస్తోంది?

ఆ జల్లెడ

నమూనాని పెట్టే బిళ్లని గ్రిడ్ అంటారు. దాని వ్యాసం 3.05 మిల్లీమీటర్లు. శనగపప్పు బద్ద కంటే చిన్నది. రాగితోనో బంగారంతోనో చేస్తారు, దాని నిండా కంటికి కష్టంగా కనపడే చదరాలు. జల్లెడ అనుకోండి. ఆ జల్లెడ మీద కార్బన్‌తో చేసిన ఇంకో పల్చటి పొర ఉంటుంది, దాని నిండా గుండ్రటి చిల్లులు. ఎక్కువగా వాడే ఒక రకంలో చిల్లు వ్యాసం 1.2 మైక్రాన్లు, చిల్లుకీ చిల్లుకీ మధ్య ఎడం 1.3 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఒక్కో చదరంలో ఇలాంటి చిల్లులు వందల్లో ఉంటాయి.

ప్రొటీన్ ఉండాల్సింది ఆ చిల్లుల్లోనే. చిన్నప్పుడు గాజుని సబ్బు నీళ్లలో ముంచి తీస్తే అందులో పొర కట్టేది గుర్తుందా? దాన్నే ఊది బుడగలు చేసేవాళ్లం. ప్రతి చిల్లులోనూ అలాంటి నీటి పొర ఒకటి నిలబడాలి. అందులో ప్రొటీన్లు తేలుతుండగా, ఆ పొర అలాగే గాజు మంచు అయిపోవాలి.

పొర మందం ఎంత ఉండాలి? 20 నుంచి 50 నానోమీటర్లు అయితే బాగుంటుంది. అంటే ప్రొటీన్ మందం కంటే కొంచెం ఎక్కువ, అంతే. మందంగా ఉంటే ఎలక్ట్రాన్లు దాటలేవు, ఫొటో మసకబారుతుంది. మరీ పల్చనైతే ప్రొటీన్‌కి చోటే ఉండదు, చిల్లు నడుమ నుంచి అంచులకి జరిగిపోతుంది.

గ్రిడ్ మీద నీళ్లు నేరుగా పోస్తే నిలబడవు. కార్బన్‌కి నీళ్లంటే పడదు. చేమ ఆకు మీద నీటి బొట్టులా గుండ్రంగా ఉండిపోతుంది. అందుకని ముందు గ్లో డిశ్చార్జ్ చేస్తారు. గ్రిడ్లని ఒక చిన్న గాజు గదిలో పెట్టి, గాలిని చాలా వరకు లాగేసి, ఎక్కువ వోల్టేజ్ ఇస్తారు. లోపల ఊదా రంగు వెలుగు వస్తుంది. ట్రిపుల్ ఈ వాళ్లకి తెలిసిందే, ట్యూబ్‌లైట్ వెలిగేదీ ఇలాంటి ప్లాస్మాతోనే. అర నిమిషం, నిమిషం అలా ఉంచితే కార్బన్ పైభాగం మారిపోయి నీళ్లని పరుచుకోనిస్తుంది. ఆ గుణం కాసేపే ఉంటుంది. పొద్దున చేసి సాయంత్రం వాడతానంటే కుదరదు.

మూడు సెకన్లు

ఇప్పుడు అసలు పని. చాలా ల్యాబుల్లో దీనికి ఒక మెషిన్ ఉంటుంది. అందులో చిన్న గది, లోపల 4 డిగ్రీల చల్లదనం, దాదాపు 100 శాతం తేమ. తేమ ఎందుకంటే, అంత పల్చటి పొర మామూలు గాలిలో చూస్తుండగానే ఆరిపోతుంది. ఆరుతుంటే అందులోని ఉప్పు చిక్కబడి ప్రొటీన్‌ని పాడు చేస్తుంది.

సన్నటి ట్వీజర్స్‌తో గ్రిడ్‌ని అంచు దగ్గర పట్టుకుని మెషిన్‌కి తగిలిస్తారు. దాని మీద 3 మైక్రోలీటర్ల ప్రొటీన్ ద్రవం వేస్తారు. రెండు పక్కల నుంచీ ఫిల్టర్ పేపర్ వచ్చి గ్రిడ్‌ని నొక్కుతుంది, మూడు నాలుగు సెకన్లు. కాగితం నీటిని పీల్చేస్తుంది. కాగితం వెనక్కి వెళ్లగానే గ్రిడ్ సర్రున కిందికి దిగి, కింద గిన్నెలో ఉన్న చల్లటి ద్రవంలో మునుగుతుంది. పని ఐపోయింది.

ఇక్కడ నేను ఒక లెక్క వేశా. గ్రిడ్ వైశాల్యం సుమారు 7 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద 50 నానోమీటర్ల పొర నిలిచిందనుకుంటే, మిగిలిన నీళ్లు 0.00035 మైక్రోలీటర్లు. మనం వేసింది 3. అంటే ఎనిమిది వేల వంతుల్లో ఒక వంతు కూడా మిగల్లేదు. మిగతా అంతా కాగితంలోకి పోయింది. పునుగులు నూనెలోంచి తీసి పేపర్ మీద వేస్తాం కదా, ఇక్కడ పునుగు కూడా పేపర్లోకే పోయినట్టు.

అక్కకి చెప్తే నవ్వింది. “నాలుగు నెలల పనిల తొంభై తొమ్మిది పాయింట్ తొంభై ఎనిమిది శాతం నేను చెత్తబుట్టల పారేస్తా రా. అది పక్కా ప్లాన్ ప్రకారం. బాధంతా మిగిలినదాంతోనే.”

ఇంకో లెక్క. 500 కిలోడాల్టన్ల ప్రొటీన్ మిల్లీలీటర్‌కి ఒక మిల్లీగ్రాము చొప్పున ఉంటే, 50 నానోమీటర్ల మందం ఉన్న ఒక్క చిల్లులో సుమారు 70 ప్రొటీన్లు ఉండాలి. అవగాడ్రో సంఖ్య తెలిసినవాళ్లు ఎవరైనా వేసుకోవచ్చు. కానీ మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్కోసారి ఒక్కటీ ఉండదు, ఒక్కోసారి 300 కిక్కిరిసి ఉంటాయి. లెక్క తప్పడానికి కారణం కింద చెప్తా. ముందు దోశ పెనం సంగతి చూద్దాం.

దోశ పెనం దగ్గర నైట్రోజన్ ఓడిపోయింది

గ్రిడ్‌ని ఏ ద్రవంలో ముంచాలి? ఎవరికైనా ముందు తట్టేది లిక్విడ్ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీలు, చవక, ఏ ల్యాబ్‌లో అయినా దొరుకుతుంది. కానీ దాంట్లో ముంచితే గాజు మంచు రాదు, స్ఫటికాలే వస్తాయి.

ఎందుకో దోశ పెనం చెప్తుంది. బాగా కాలిన పెనం మీద నీటి చుక్క పడితే, దాని అడుగుభాగం తక్షణం ఆవిరవుతుంది. ఆ ఆవిరి చుక్కకీ పెనానికీ మధ్య పరుపులా నిలుస్తుంది. ఆవిరిలోంచి వేడి సరిగ్గా పారదు. అందుకే చుక్క చాలాసేపు ఆవిరవ్వకుండా దొర్లుతుంది. దీని పేరు లైడెన్‌ఫ్రాస్ట్ ఎఫెక్ట్. మన హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకంలో బాయిలింగ్ కర్వ్ ఉంటుంది కదా, అందులో పైకి వెళ్లిన గీత మళ్లీ కిందికి జారేచోటు, ఫిల్మ్ బాయిలింగ్. నేను బట్టీ పట్టి గీసిన ఫిగర్ అదే.

లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 దగ్గరే మరుగుతూ ఉంటుంది. దానికి 4 డిగ్రీల గ్రిడ్ అంటే కాలిన పెనమే. గ్రిడ్ తగలగానే చుట్టూ ఉన్న నైట్రోజన్ ఆవిరై దుప్పటి కప్పేస్తుంది. ఆ దుప్పటి లోపల నీళ్లు తీరిగ్గా చల్లబడి, తీరిగ్గా స్ఫటికాలు కడతాయి.

దీనికి మందు ఈథేన్. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన ఈథేనే. అది మైనస్ 183 దగ్గర కరుగుతుంది, మైనస్ 89 దగ్గర మరుగుతుంది. మధ్యలో 94 డిగ్రీల జాగా ఉంది. మైనస్ 180 దగ్గర ఉన్న ఈథేన్‌లోకి గ్రిడ్ దిగితే, ఆ ఈథేన్ మరిగే దాకా రావాలంటే ముందు చాలా వేడి తాగాలి. దుప్పటి అంత తేలిగ్గా ఏర్పడదు. వేడి గ్రిడ్‌లోంచి నేరుగా ద్రవంలోకి పారిపోతుంది. సెకనుకి లక్ష డిగ్రీల పైచిలుకు వేగంతో చల్లబడుతుంది. ఆ లెక్కన 4 నుంచి మైనస్ 140 దాకా వెళ్లడానికి ఒకటిన్నర మిల్లీసెకను చాలు. అణువులకి వరస కట్టే టైమ్ దొరకదు.

నైట్రోజన్‌ని పూర్తిగా వదిలేయరు. ఈథేన్ మామూలుగా వాయువు. లిక్విడ్ నైట్రోజన్ చుట్టూ ఉన్న చిన్న ఇత్తడి గిన్నెలోకి దాన్ని సన్నగా వదిలితే ద్రవం అవుతుంది. ఎక్కువసేపు వదిలేస్తే నైట్రోజన్ చలికి ఈథేన్ కూడా గడ్డ కడుతుంది, అప్పుడు గ్రిడ్ వెళ్లి రాయికి గుద్దుకున్నట్టు గుద్దుకుని వంగిపోతుంది. గిన్నె అంచున కొంచెం తెల్లగా గడ్డ కడుతూ, నడుమ ద్రవంగా ఉంటే టెంపరేచర్ సరిగ్గా ఉన్నట్టు గుర్తు. పాకం తీగ సాగిందో లేదో అమ్మ చూసినట్టు, అక్క ఆ అంచు చూస్తుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఈథేన్ అంటుకునే వాయువు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఒంటి మీద చింది పడితే చర్మం కాలినట్టే పోతుంది. లిక్విడ్ నైట్రోజన్ ఒక లీటర్ ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువు అవుతుంది. కిటికీలు మూసిన గదిలో అది ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. అందుకే ఆ గదుల్లో ఆక్సిజన్ అలారం ఉంటుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ఎవరినీ చేయనివ్వరు.

గ్రిడ్ ఒకసారి చల్లబడ్డాక ఇంక వేడి తగలకూడదు. మైనస్ 137 దాటి పైకి వస్తే గాజు మంచు మళ్లీ స్ఫటికంగా మారిపోతుంది. గిన్నె నుంచి డబ్బాకి, డబ్బా నుంచి మైక్రోస్కోప్‌కి, అన్నీ లిక్విడ్ నైట్రోజన్‌లోనే. నాలుగు గ్రిడ్లు పట్టే చిన్న గుండ్రటి డబ్బా ఉంటుంది, దాని మూత స్క్రూ కూడా నైట్రోజన్‌లో ముంచే తిప్పాలి. మన ఊపిరిలోని తేమ చాలు, గ్రిడ్ మీద మంచు రేణువులై పడటానికి. అందుకని మాస్క్ పెట్టుకుని, తల పక్కకి తిప్పి ఊపిరి వదులుతారు. వానాకాలంలో గాలి తడిగా ఉన్నప్పుడు ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఫుట్‌బోర్డ్ సమస్య

ఇంత చేసినా అక్క ప్రొటీన్ ఎందుకు పోయింది?

పొద్దున ఎనిమిదిన్నరకి ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు ఎక్కి చూడండి. లోపల నడుమ ఎంతో కొంత ఖాళీ ఉంటుంది. జనమంతా రెండు డోర్ల దగ్గర వేలాడుతుంటారు. నీటి పొరలో ప్రొటీన్లు కూడా అచ్చం అంతే.

50 నానోమీటర్ల పొరకి పైన గాలి, కింద గాలి. నడుమ ఉన్న ప్రొటీన్ కదులుతూ కదులుతూ పొర అంచుకి చేరడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. కాగితం పీల్చే మూడు సెకన్లలో అది వేలసార్లు గాలికి తగులుతుంది. ప్రొటీన్‌లో నీళ్లంటే పడని భాగాలు లోపలికి ముడుచుకుని ఉంటాయి. గాలి తగిలినప్పుడు అవి బయటికి తెరుచుకుంటాయి. ఒకసారి తెరుచుకున్నాక మళ్లీ మడత పడదు. గుడ్డు తెల్లసొనని గిలక్కొడితే నురగ గట్టిపడేది ఇందుకే, బుడగల అంచుల దగ్గర ప్రొటీన్లు విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. నాలుగు నెలల పని నీళ్ల పాలవడం అంటే ఇదే.

పాడవ్వకుండా మిగిలినవి కూడా ఇంకో పేచీ పెడతాయి. ఒక్కో ప్రొటీన్ గాలికి ఒకే వైపు ఆనించి నిలబడుతుంది. ఖైరతాబాద్ గణేశుడి ఫొటోలు మన ఫోన్లలో ఎన్నున్నాయో లెక్కలేదు. అన్నీ ముందు నుంచి తీసినవే. వాటితో వెనక వైపు ఎలా ఉంటుందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? క్రయో-ఈఎంలో ఒక్కో ప్రొటీన్ ఫొటో చాలా మసగ్గా ఉంటుంది, టీవీలో సిగ్నల్ పోయినప్పటి చుక్కల్లా. అన్ని కోణాల నుంచీ తీసిన లక్షల ఫొటోల్ని కంప్యూటర్ జత చేసి, సగటు తీసి, త్రీడీ ఆకారం కడుతుంది. యోఆకిమ్ ఫ్రాంక్‌కి నోబెల్ వచ్చింది ఈ లెక్కలకే. అన్నీ ఒకే కోణం అయితే ఎంత పెద్ద జీపీయూ పెట్టినా రెండో వైపు రాదు.

ఇది ఏ ఒక్కరి చేతకానితనమో అనుకోకండి. 2018లో అమెరికా పరిశోధకులు చాలా రకాల ప్రొటీన్ల గ్రిడ్లని త్రీడీలో పరిశీలించి, వాటిలో అత్యధిక శాతం కణాలు గాలి అంచుకే అతుక్కుని ఉన్నాయని చూపించారు. ప్రపంచం మొత్తానికీ ఉన్న బాధే.

మందులు ఉన్నాయి, ఏది ఏ ప్రొటీన్‌కి పని చేస్తుందో మాత్రం చేసి చూడాల్సిందే.

ఒకటి, కొంచెం డిటర్జెంట్ కలపడం. సబ్బు అణువులు ముందే వెళ్లి అంచుల్ని ఆక్రమించుకుంటాయి, ప్రొటీన్ నడుమే ఉండిపోతుంది. డోర్ దగ్గర కండక్టర్ నిలబడి అందరినీ లోపలికి నెట్టినట్టు.

రెండు, చిల్లుల మీద గ్రాఫీన్ ఆక్సైడ్ లాంటి అతి పల్చటి పొర పరచడం. ప్రొటీన్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది, గాలి వైపు పోదు.

మూడు, టైమ్ తగ్గించడం. సెకన్లకి బదులు మిల్లీసెకన్లలో నమూనాని చిమ్మి వెంటనే ముంచే మెషిన్లు వచ్చాయి. కాగితం కూడా అక్కర్లేదు.

నాలుగు, గ్రిడ్‌నే మార్చడం. 2014లో కేంబ్రిడ్జ్‌లో క్రిస్టోఫర్ రస్సో, లోరీ పాస్‌మోర్ చిల్లుల పొరని కూడా బంగారంతో చేశారు. ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు కార్బన్ పొర కొంచెం వణుకుతుంది, ఫొటో అలుక్కుపోతుంది. బంగారం పొర చాలా తక్కువ కదులుతుంది.

ఆఖరికి ఫిల్టర్ పేపర్ కూడా అనుమానితుడే. కొన్ని కాగితాల్లోంచి కాల్షియం నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం పడని ప్రొటీన్ అయితే అక్కడే కథ ముగుస్తుంది.

గ్రిడ్ చూసి జబ్బు చెప్పడం

అక్క నోట్‌బుక్ నుంచి ఈ చిన్న పట్టిక తీసుకున్నా. మన ల్యాబ్ రికార్డుల్లో ‘ఎర్రర్స్’ అని ఒక హెడింగ్ కింద ఏదో ఒకటి రాసేస్తాం కదా, అదెలా రాయాలో ఇది చూశాక తెలిసింది.

చదరాలన్నీ నల్లగా ఉన్నాయి: మంచు మందం. కాగితాన్ని ఇంకో సెకను ఎక్కువ నొక్కనివ్వు.

చిల్లులు ఖాళీగా, తెల్లగా ఉన్నాయి: నీళ్లు మొత్తం పోయాయి. టైమ్ తగ్గించు.

ఒక పక్క మందం, ఒక పక్క ఖాళీ: కాగితం వంకరగా తగిలింది. నడుమ ఉన్న చదరాల్లో వెతుకు.

నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోయాయి: గ్లో డిశ్చార్జ్ సరిగ్గా కాలేదు.

మంచులో స్ఫటికాల మచ్చలు: ఈథేన్ వేడెక్కింది, లేదా తర్వాత ఎక్కడో గ్రిడ్‌కి వేడి తగిలింది.

పైన రాళ్లలాంటి ముద్దలు: గాలిలో తేమ. డబ్బా మార్చేటప్పుడు జాగ్రత్త.

అన్నీ బాగున్నాయి, ప్రొటీన్ మాత్రం ముక్కలైంది: గాలి అంచు.

అక్కది చివరి లైన్. పన్నెండు గ్రిడ్లలో పన్నెండూ అదే లైన్.

మన పక్కనే

ఇదంతా ఎక్కడో హైడెల్‌బర్గ్‌లో జరిగే కథ అనుకుంటున్నారా? ఎల్బీ నగర్ నుంచి నాగోల్ వెళ్లి బ్లూ లైన్ మెట్రో ఎక్కండి. ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, ఆ తర్వాత హబ్సిగూడ. ఆ దారిలోనే సీసీఎంబీ ఉంది. పుష్ప మిత్ర భార్గవ దానికి మొదటి డైరెక్టర్. 1977లో మొదలైంది, ఇప్పుడున్న ప్రాంగణాన్ని 1987 నవంబర్‌లో జాతికి అంకితం చేశారు. అక్కడ క్రయో-ఈఎం ఉంది. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ ప్రాంగణంలో జాతీయ క్రయో-ఈఎం కేంద్రం ఉంది. ఒక్కో పెద్ద మైక్రోస్కోప్ ఖరీదు పదుల కోట్లు.

పని ఎంత దగ్గరిదో చెప్పడానికి ఒక ఉదాహరణ. కరోనా వైరస్ మీద ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్ ఆకారాన్ని 2020 ఫిబ్రవరిలోనే టెక్సాస్‌లోని ఆస్టిన్ బృందం క్రయో-ఈఎంతో చూపించింది. మన దగ్గర ఇంకా లాక్‌డౌన్ కూడా రాలేదు. ఆ స్పైక్‌లో మన కణాన్ని పట్టుకునే ముక్క ఒకటి ఉంది. హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఈ తయారు చేసిన కార్బెవ్యాక్స్ టీకాలో ఉన్నది ఆ ముక్కే. మా కాలనీలో చాలామంది పిల్లలు వేయించుకున్నారు. అదే ఏడాది కేంబ్రిడ్జ్, గటింగెన్ బృందాలు ఇనుముని దాచుకునే ఫెరిటిన్ ప్రొటీన్‌లో ఒక్కో పరమాణువునీ విడివిడిగా చూడగలిగాయి. ప్రతి బొమ్మ వెనకా ఎవరో ఒకరు ట్వీజర్స్ పట్టుకుని ఊపిరి బిగబట్టిన మూడు సెకన్లు ఉన్నాయి.

కోట్ల మెషిన్ ఎంత మంచిదైనా, దానిలోకి వెళ్లేది ఆ మూడు సెకన్లలో తయారైనదే. ఆ మూడు సెకన్లలో ఏముంది? తలతన్యత ఉంది, వేడి పారడం ఉంది, ప్లాస్మా ఉంది, ఒక మోటార్ సరిగ్గా టైమ్‌కి కదలడం ఉంది, చివర్లో ఇమేజ్ ప్రాసెసింగ్ ఉంది. మెకానికల్, కెమికల్, ట్రిపుల్ ఈ, ఈసీఈ, సీఎస్ఈ. మన బ్రాంచులన్నీ ఆ మూడు మిల్లీమీటర్ల మీద నిలబడి ఉన్నాయి. బయాలజీ వాళ్లు ఆ పని మన కోసం ఆపేం లేదు, వాళ్లే నేర్చుకుని చేస్తున్నారు. మనమే ‘కోర్‌లో ఏముంది రా’ అంటూ బోర్డులు చూసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో తిరుగుతున్నాం. నేను సాఫ్ట్‌వేర్ కోర్సు మానలేదు, మానమని మీకూ చెప్పను. కానీ ఈ సెమ్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకం ఇంకోసారి తెరిచా, ఈసారి పరీక్ష లేకుండా.

మీరూ ఏదైనా చూడాలనుకుంటే, సీఎస్ఐఆర్ స్థాపక దినం సెప్టెంబర్ 26. ఆ రోజుల్లో సీసీఎంబీ లాంటి సంస్థలు స్టూడెంట్ల కోసం ఓపెన్ డే పెడుతుంటాయి. తేదీ ముందే కనుక్కుని వెళ్లండి. వెళ్లినప్పుడు పెద్ద మైక్రోస్కోప్ ముందు సెల్ఫీ దిగండి, తప్పులేదు. తర్వాత అక్కడున్నవాళ్లని, “గ్రిడ్లు ఎక్కడ చేస్తారు?” అని అడగండి. వాళ్ల మొహం వెలిగిపోతుందని అక్క గ్యారంటీ.

ఈ వ్యాసం పంపే ముందు అక్కకి ఫోన్ చేశా. మళ్లీ ప్రొటీన్ తయారు చేసిందట, ఈసారి మూడు నెలల్లోనే. కొంచెం డిటర్జెంట్ కలిపి పన్నెండు గ్రిడ్లు చేసింది.

“ఎన్ని బాగొచ్చినయ్ అక్కా?”

“ఒక్కటి.”

“ఒక్కటేనా?”

“ఒక్కటి చాలు రా,” అంది. గొంతులో దసరా నాటి నీరసం లేదు. “ఆ ఒక్కదాంట్ల ప్రొటీన్ అన్ని దిక్కులా తిరిగి కనిపిస్తున్నది.”